కిడ్నీ అంటే ఆ కిడ్నీ కాదట!

ఈ వారం ఊరగాయల ముచ్చట్లూ, చీర మరకల చిట్కాలూ కాస్త పక్కన పెట్టి ఒక భయం గురించి చెప్తాను. అది నా భయమే. మీలో కొందరిది కూడా అయ్యుండొచ్చు.

రెండేళ్ల క్రితం మాట. అప్పుడు నాకు 46. ఆ ఎండాకాలం నుంచీ రాత్రిళ్లు నిద్ర సరిగా ఉండేది కాదు. రెండింటికల్లా మెలకువ వచ్చేసేది. ఒళ్లంతా చెమట్లు. పాలవాడు బెల్లు కొట్టేదాకా ఫ్యాను వంక చూస్తూ పడుకునేదాన్ని. నడుం లాగేది. చెవుల్లో ఎక్కడో దూరంగా కుక్కరు కూస్తున్నట్టు రొద. మా పక్కింటావిడ మోకాళ్ల నొప్పులకి చైనా పద్ధతిలో సూదులు గుచ్చే చోటికి వెళ్తోంది. "ఒకసారి రండి, పోయేదేముంది?" అంటే వెంట వెళ్లాను. అక్కడాయన నా రెండు చేతుల మణికట్లూ మూడేసి వేళ్లతో చాలాసేపు పట్టి చూశారు. నాలుక చాపమన్నారు. "కిడ్నీలు బలహీనంగా ఉన్నాయమ్మా. గుండెలో వేడి పెరిగింది" అన్నారు.

అంతే! ఇంటికెలా వచ్చానో నాకే తెలీదు. కిడ్నీ అనగానే మనకి గుర్తొచ్చేది డయాలసిస్సే కదా! ఆ రాత్రి బీరువా తాళాలు ఎక్కడ పెడతానో, ఇన్సూరెన్సు కాగితాలు ఏ సంచీలో ఉన్నాయో మావారికి అప్పగింతలు కూడా పెట్టేశాను. ఆయన మర్నాడే రక్తం, మూత్రం పరీక్షలు చేయించారు. క్రియాటినిన్ 0.8. ఈసీజీ కూడా శుభ్రంగా ఉంది. "నీ కిడ్నీలు నాకంటే బావున్నాయే" అన్నారు మావారు రిపోర్టు చూసి.

మరి సూదులాయన అబద్ధం చెప్పినట్టా? నేనైతే అలాగే అనుకుని తిట్టుకున్నాను. దసరాకి మా చెల్లెలి కూతురు వచ్చేదాకా నా అభిప్రాయం మారలేదు. అది చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చింది. అక్కడ దానికి చైనా వైద్యం కూడా ఒక పాఠంగా చెప్పారట. నా గోడంతా విని పడీ పడీ నవ్వింది.

"పెద్దమ్మా, ఆయన చెప్పిన కిడ్నీ స్కానింగులో కనపడే కిడ్నీ కాదు. తమ్ముడు హాస్టలుకి వెళ్తుంటే గుండె చెరువైపోయిందంది అమ్మ. వెంటనే గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్లామా?" అంది.

నిజమే సుమండీ! కడుపుకోత అంటే ఆపరేషను కాదు. పేగుబంధం అంటే పేగులు ముడిపడటం కాదు. తోడికోడలు కొత్త గాజులు చూసి వచ్చే కడుపుమంటకి మజ్జిగ పనిచెయ్యదు. చైనా వాళ్ల మాటా ఇంతే. పిరికివాణ్ణి వాళ్లు 'చిన్న పిత్తాశయం వాడు' అంటారు. మనిషి కోపతాపాల గురించి చెప్పే మామూలు మాటలో ప్లీహం పేరుంది. తేడా ఏమిటంటే, మనం నానుడిగా వదిలేసినదాన్ని వాళ్లు ఒక పెద్ద వైద్యంగా అల్లుకున్నారు.

ఆ వైద్యానికి మూలం 'హువాంగ్‌డీ నైజింగ్' అనే గ్రంథం. రెండు వేల ఏళ్ల నాటిది. పసుపు చక్రవర్తి ప్రశ్నలు అడుగుతుంటే, చీబో అనే ఆయన జవాబులు చెప్తున్నట్టు ఉంటుంది. అందులో ఒంటిని ఒక రాజ్యంలా చూపిస్తారు. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం సేనాపతి, ప్లీహమూ జీర్ణాశయమూ ధాన్యపు కొట్ల అధికారులు. గుండె, కాలేయం, ప్లీహం, ఊపిరితిత్తులు, కిడ్నీలు - ఈ అయిదూ ఒంట్లో సారాన్ని దాచిపెట్టేవి, మన బియ్యం డబ్బాల్లాగా. జీర్ణాశయం, పేగులు, పిత్తాశయం, మూత్రాశయం తీసుకున్నదాన్ని ముందుకి పంపేవి. ఈ రెండో గుంపులో ఆరోది ఒకటుంది. దాని పేరు 'సాన్ జియావ్'. మూడు పొయ్యిలని అనుకోవచ్చు. ఒళ్లు కోసి చూస్తే అలాంటి అవయవమే ఎక్కడా లేదు!

లేని అవయవానికి పేరేమిటని నాకూ అనుమానం వచ్చింది. వాళ్లు పేరు పెట్టింది ముఖ్యంగా పనికి, కండకి కాదు. 'వాళ్లింట్లో నిన్న పొయ్యి వెలగలేదు' అంటే గ్యాసు స్టవ్వు పాడైందని కాదు కదా! ఇదీ అంతే.

వాళ్ల లెక్కలో కిడ్నీ పని మూత్రం ఒక్కటే కాదు. ఎముకలు, తల వెంట్రుకలు, చెవులు, నడుం, బిడ్డల్ని కనే శక్తి అన్నీ దాని కిందికే వస్తాయి. ఆ గ్రంథంలో ఆడదాని బతుకుని ఏడేసి ఏళ్లుగా లెక్కగట్టారు. 7 ఏళ్లకి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. 14కి బహిష్టు మొదలవుతుంది. 28కి ఒంట్లో సత్తువ నిండుగా ఉంటుంది. 42కి జుట్టు నెరుస్తుంది. 49కి బహిష్టులు ఆగిపోతాయి. కిడ్నీ శక్తి నిండటం, తరగడమే దీనికంతకీ మూలమని వాళ్ల నమ్మకం.

ఇక సమతూకం సంగతి. కిడ్నీ నీరు, గుండె నిప్పు అంటారు. గిన్నెలో నీళ్లు ఇగిరిపోతే, పొయ్యి మంట అంతే ఉన్నా గిన్నె మాడుతుందా లేదా? నీళ్లు తగ్గితే నిప్పుని అదుపు చేసేది ఉండదు. అప్పుడు నిద్ర పట్టదు, రాత్రిళ్లు చెమట్లు పడతాయి. మంట ఎక్కువైందా, నీళ్లు తక్కువయ్యాయా అని చూడటమే వాళ్ల వైద్యంలో సగం. వాళ్ల 'యిన్', 'యాంగ్' అంటే ఇలాంటి చల్లదనం, వేడిమి జంటే.

ఇంతకీ నా నడుం, నా చెవులు, నా నిద్ర, నా వయసు అన్నీ కలిపి ఆయన చెప్పినదాన్ని మన మాటల్లో పెడితే తేలేది ఒకటే. 'అమ్మా, నీకు బహిష్టులు ఆగే వయసొచ్చింది.' ఆ ముక్క అలా చెప్పుంటే నేను అప్పగింతలు పెట్టేదాన్నా?

అన్నట్టు, ఆ అయిదు అవయవాల మధ్యా చుట్టరికాలున్నాయి. కొయ్య, నిప్పు, మట్టి, లోహం, నీరు అని వాటికి అయిదు తత్వాలు. కొయ్య నిప్పుని పుట్టిస్తుంది, నిప్పు బూడిదై మట్టిని పుట్టిస్తుంది. అలా ఒకటి తల్లి, తర్వాతది బిడ్డ. బిడ్డ నీరసిస్తే తల్లికి బలం పెడతారు. బాలింతకి పథ్యం పెట్టి పసిబిడ్డని కాచుకున్నట్టే కదూ! కాలేయం కొయ్య, దాని గుణం కోపం. ప్లీహం మట్టి, దాని గుణం చింత. కోపం పెచ్చుమీరితే కొయ్య మట్టిని అణగదొక్కి తిండి అరగనివ్వదంటారు. అన్నం దగ్గర మొగుడూ పెళ్లాలు గొడవ పడకూడదని మా అత్తగారు చెప్పిన మాటే ఇది!

ఇక్కడితో ఆపితే నవ్వుకుని పేజీ తిప్పేయొచ్చు. కానీ రెండో కథ ఉంది. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

పరీక్షలు బావున్నాయన్న ధైర్యంతో, మా చెల్లెలి కూతురు రాకముందే నేను మళ్లీ సూదులు వేయించుకున్నాను. నడుం నొప్పి కాస్త తగ్గింది. ఆ సంతోషంలో మా పెద్దాడపడుచుకి ఫోను చేసి, "వదినా, సూదులతో కిడ్నీలకి బలమొస్తుందట" అన్నాను. ఆవిడకి 15 ఏళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి. డాక్టరు కిడ్నీలు జాగ్రత్త అని అప్పటికే చెప్పారు. నా మాట పట్టుకుని వాళ్ల ఊళ్లో అలాంటి చోటికే వెళ్లింది. 'కిడ్నీలకి బలం వస్తోంది' అని అక్కడా అన్నారట. ఇంకేం, బీపీ మాత్రలు మానేసింది. సంక్రాంతికి వచ్చినప్పుడు చూద్దును కదా, పాదాలు పొంగి ఉన్నాయి. వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. బీపీ 190. అంతకుముందు 1.4 ఉన్న క్రియాటినిన్ 2.3కి వెళ్లింది. "పోయినదాన్ని పూర్తిగా తేలేనమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నారు డాక్టరుగారు.

మాత్రలు మానమని ఆ సూదులాయన చెప్పలేదట. మానొద్దని కూడా చెప్పలేదట. ఒక్క మాట. దానికి రెండు అర్థాలు. ఆ మాటకి నేను ఊరికే హడలిపోయాను. వదిన ఊరికే ధైర్యపడింది. నా హడలుకి ఒక రాత్రి నిద్ర పోయింది, అంతే. ఆవిడ ధైర్యానికి మాత్రం కిడ్నీలే ఖరీదు కట్టాయి. ఫోను చేసింది నేను కాబట్టి, ఇప్పటికీ ఆవిడ పాదాలు చూస్తే నాకు మనసు మనసులో ఉండదు.

ఆకులు, వేళ్ల పొడుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1990ల మొదట్లో బెల్జియం దేశంలో ఒళ్లు తగ్గడానికి ఆడవాళ్లకి చైనా మూలికలు కలిపిన మందులిచ్చారు. ఒక మూలిక పేరుకి దగ్గర పేరున్న ఇంకో మూలిక వాటిలో కలిసింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు దెబ్బతిన్నాయి. తర్వాత కొందరికి మూత్రనాళాల్లో కాన్సరు కూడా వచ్చింది.

అలాగని అంతా తీసిపారెయ్యక్కర్లేదు. పాత చైనా గ్రంథంలో జ్వరానికి చెప్పిన ఒక మొక్కని పట్టుకునే టూ యూయూ అనే ఆవిడ మలేరియా మందు కనిపెట్టింది. దానికి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఎలా? మొక్క నుంచి సారం తీసి, పరీక్షలకి పెట్టి, నిగ్గు తేల్చాక!

అందుకని నా మాటగా కొన్ని గుర్తుపెట్టుకోండి. చైనా వైద్యమైనా మరొకటైనా, ఎవరైనా 'మీ కాలేయం బాలేదు, కిడ్నీ బాలేదు' అంటే మొహమాటపడకుండా "ఏ కిడ్నీ అండీ, రక్తపరీక్షలో తెలిసేదా?" అని అడగండి. అడిగి ఊరుకోకుండా పరీక్ష చేయించుకోండి. బీపీ, షుగరు, థైరాయిడ్ మాత్రలు రాసిన డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా మానకండి. సూదులు వేయించుకుంటే కొత్త ప్యాకెట్టు మీ ఎదుటే చింపమనండి. పేరులేని పొట్లంలో పొడి ఇస్తే తీసుకోకండి. ఒకసారి బహిష్టులు ఏడాదిపాటు ఆగాక మళ్లీ కనపడితే, వేడి చేసిందని సరిపెట్టుకోకుండా లేడీ డాక్టరుకి చూపించుకోండి.

వంటల పేజీ తిరగేయడానికి వచ్చిన మిమ్మల్ని వట్టి చేతుల్తో పంపను. శ్రీరామనవమికి మనం వడపప్పు పెట్టినట్టే, చైనా వాళ్లూ ఎండాకాలంలో చలవకని పెసలతోనే ఒక జావ తాగుతారు. గ్లాసుడు పొట్టు పెసలు కడిగి గంటసేపు నానబెట్టండి. ఆరు గ్లాసుల నీళ్లు పోసి, పెసలు పగిలేదాకా ఉడికించండి. పటికబెల్లం వేసి కరిగాక దించి, చల్లారాక తాగడమే. షుగరున్నవాళ్లు పటికబెల్లం లేకుండా తాగొచ్చు. మా వదిన అడిగితే మాత్రం, పెసలైనా సరే డాక్టరుగారిని అడిగాకే పెడుతున్నాను.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఈలోగా ఇంట్లో ఎవరి మాత్రల డబ్బా ఎన్నాళ్లుగా నిండుగానే ఉందో ఒకసారి చూడండి.