వీపు మొద్దుబారుతోందా?

పీట మీద కాళ్లు మడిచి పావుగంట కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది. లేచి నాలుగడుగులు వేస్తే పోతుంది. ఒత్తుకుపోయిన నరం తేరుకుంటుంది కాబట్టి దాని గురించి ఎవరూ బెంగపడరు. వీపు సంగతి అలా కాదు. చీమలు పాకినట్టో, సూదులతో గుచ్చినట్టో, బట్ట తగిలినా తెలియనట్టో రోజుల తరబడి ఉంటే కారణం వెతకాల్సిందే. మనం మాత్రం 'నరాల బలహీనత' అని పేరు పెట్టేసి, మందుల షాపులో బలం మాత్రలు కొనుక్కుని సరిపెట్టుకుంటాం. అసలు అది ఒక జబ్బు పేరే కాదు. తిమ్మిరి ఎక్కడుంది? దానికి తోడు ఇంకేం ఉంది? ఈ రెండూ గమనిస్తే సగం దారి తెలిసినట్టే.

చోటును బట్టి...

వెన్నుపాము నుంచి 31 జతల నరాలు బయటికొస్తాయి. ఒక్కో నరానికీ ఒంటి మీద కొంత మేర అప్పగించి ఉంటుంది. ఛాతీ భాగంలో పుట్టే 12 జతలు పక్కటెముకల వెంట మొలతాడు చుట్టినట్టు ముందుకొస్తాయి. బొడ్డు దగ్గర స్పర్శ తెలిసేది వీటిలో పదో జత వల్ల. డాక్టరు దూదితో తాకుతూ 'ఇక్కడ తెలుస్తోందా?' అని అడిగేది ఏ నరం దగ్గర తేడా వచ్చిందో పట్టుకోవడానికే.

మెడ పూసలు అరిగి నరం నొక్కుకుంటే భుజాల మధ్య నుంచి చేతివేళ్ల దాకా తిమ్మిరి పాకుతుంది. నడుము దగ్గర డిస్కు జారితే పిరుదు మీదుగా కాల్లోకి దిగుతుంది. భుజం ఎముక పక్కన ఒకే చోట దురద, జివజివ ఉండి, గోకిగోకి చర్మం నల్లబడిందంటే చాలాసార్లు అది అక్కడి చిన్న నరం ఒత్తుకుపోవడం వల్లే. చిరాకు పెడుతుంది కానీ ప్రమాదం కాదు.

అక్కి: మూడు రోజుల గడువు

వీపుకు ఒక్క పక్కనే, పట్టీ కట్టినట్టు మంట, జివజివ మొదలై, రెండు మూడు రోజుల్లో నీటిపొక్కులు వస్తే అది అక్కి. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్సే ఏళ్ల తరబడి నరాల మొదళ్లలో దాక్కుని, వయసు మళ్లాకో, ఒంట్లో శక్తి తగ్గాకో మళ్లీ లేస్తుంది. మన ఊళ్లలో అక్కి రాయించడం మామూలే. ఎర్రమట్టితో సింహం బొమ్మ వేస్తారు. పొక్కులు కొన్ని వారాల్లో వాటంతటవే మాడిపోతాయి కాబట్టి ఆ పేరు బొమ్మకు దక్కుతుంది. నరంలోని వైరస్‌ మీద పనిచేసే మాత్రలు మాత్రం పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. ఆలస్యమైతే, ముఖ్యంగా పెద్ద వయసువారిలో, పొక్కులు మానినా మంట నెలల తరబడి వేధించవచ్చు. 50 దాటినవారికి దీన్ని అడ్డుకునే టీకా కూడా ఉంది.

షుగరు, బి12

షుగరు వల్ల వచ్చే తిమ్మిరి మామూలుగా అరికాళ్లలో మొదలవుతుంది. కొద్దిమందిలో మాత్రం వీపు, పొట్ట మీద ఒక పట్టీలా మంట, మొద్దుబారడం కనిపిస్తాయి. విటమిన్‌ బి12 తగ్గినా తిమ్మిరి ముందుగా పాదాలు, చేతుల్లోనే వస్తుంది. మాంసాహారం తిననివారు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్‌ వాడుతున్నవారు రక్తపరీక్ష చేయించుకుని, తక్కువని తేలితే మందు వాడటం మేలు. వీపు ఒక్కటే మొద్దుబారితే బి12 మీద నెట్టేయకూడదు.

కంటికి కనపడని మచ్చ

వీపు మనకు కనపడదు. ఇంట్లోవాళ్లను చూడమనండి. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ ఉందా? కళ్లు మూసుకుని ఉండగా దూదితో తాకితే అక్కడ తెలియడం లేదా? నొప్పీ దురదా లేని ఇలాంటి మచ్చ కుష్ఠు కావచ్చు. జాతీయ స్థాయిలో కుష్ఠును అదుపులోకి తెచ్చామని 2005 చివర్లో ప్రకటించుకున్నాం గానీ, జబ్బు పోలేదు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా మన దేశానివే. సర్కారు ఆసుపత్రుల్లో మందు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టాక ఇతరులకు అంటుకునే భయం త్వరగానే పోతుంది. సిగ్గుపడి దాచుకుంటేనే వేళ్లు వంకర పోయేదాకా వస్తుంది.

ఆగకూడని వేళ

కొన్ని లక్షణాలు తోడైతే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, మూత్రం బిగపట్టడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలం తగ్గి తూలడం, దెబ్బ తగిలాక మొద్దుబారడం... వీటిలో ఏది ఉన్నా నేరుగా పెద్దాసుపత్రికే. నరాల మీద ఒత్తిడి తీసేయడానికి ఆపరేషన్‌ గంటల్లో అవసరం కావచ్చు. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదం ఉంది. ఉన్నట్టుండి ఒక పక్క ముఖం, చెయ్యి, కాలు మొద్దుబారినా ఇదే తొందర. అది పక్షవాతం కావచ్చు. వీపునొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నుపూసల క్షయ ఉందేమో ఆ వారంలోనే చూపించుకోవాలి.

మరో మాట. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టకండి. వేడి తెలియక చర్మం కాలిపోతుంది. వీపు తొక్కించుకోవడం, విరిపించుకోవడం కూడా కారణం తేలేవరకూ మానండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఎప్పుడు మొదలైంది, ఎటు పాకుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది అన్నవి ఒక కాగితం మీద రాసుకెళ్లండి. వాడుతున్న మందుల చీటీలు కూడా పట్టుకెళ్లండి. ఏ పరీక్ష అవసరమో, ఏది అక్కర్లేదో తేల్చడం డాక్టరుకు సులువవుతుంది.