మాసిక వేస్తే నామోషీయా?

పెద్దకడుబూరులో మా ఇంట్లో ఒక బొంత ఉంది. మా అత్తకు వాళ్లమ్మ పాత చీరలు పొరలుగా పరిచి కుట్టిచ్చింది. మొన్న ఎండకేస్తుంటే చూశాను, నడుమ చీకిపోయింది. "పారేసి కొత్త రగ్గు కొందాంలేమ్మా" అన్నాడు మా అబ్బాయి.

నాకు మనసొప్పలేదు. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప పెట్టిన చేనేత సహకార సంఘం గురించి గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. మరి నేసిన చీర చిరిగాక దానికి ఇంకో జన్మ ఇచ్చిన ఆడవాళ్ల పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయి? వంటా పొలం పనీ అయ్యాక కుట్టిన ఆ కుట్టును ఎవరూ పనిగా లెక్కేయలేదు. ఆ అవ్వ వదిలిపోయిన సంతకం ఈ బొంత ఒక్కటే.

బాగుచేద్దామని కొత్తగుడ్డ ముక్క పట్టుకుని కూర్చున్నాను. "కొత్తది పాతదాన్ని లాగేస్తుందమ్మా" అంది అత్త. నిజమే. కొత్త నూలుగుడ్డ ఉతికితే ముడుచుకుంటుంది, పక్కనున్న నలిగిన గుడ్డను చింపుతుంది. అందుకని బాగా ఉతికి మెత్తబడిన నా నూలుచీర ముక్క తీసుకున్నాను. చిరుగును కత్తిరించకుండా, చుట్టూ గట్టిగా ఉన్న చోటు దాకా పరిచి, అంచు మడిచి, అవ్వ కుట్టు పక్కనే వరసగా కుట్టాను.

నా మాసిక కొట్టొచ్చినట్టు కనబడుతోంది. కనబడనీండి! పెట్టెలో దాచడం కన్నా, కప్పుకుని, చిరిగినప్పుడల్లా కుట్టుకోవడమే దానికి మర్యాద. ఆ కుట్టడం ఆడవాళ్ల వంతే కానక్కర్లేదు. ఈసారి సూది మా అబ్బాయి చేతికే ఇస్తాను.