గోదావరి గట్టున కెమేరా

కోనసీమలో ఫొటో తీయడానికి వేరే తెలివితేటలు అక్కరలేదని పైఊళ్ళవాళ్ళకి ఒక అభిప్రాయం. ఎటు తిప్పినా కొబ్బరిచెట్టే, ఎటు తిప్పినా కాలవే. మీట నొక్కితే క్యాలెండరు బొమ్మ వచ్చి కూర్చుంటుందని వాళ్ళ ధీమా. నిజమే, వచ్చేది క్యాలెండరు బొమ్మే. చిక్కంతా అక్కడే ఉంది. రాజోలు తోట, కొత్తపేట తోట, కేరళలో ఎక్కడిదో ఒక తోట, మూడు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో తోట సొంతదారు కూడా పోల్చుకోలేడు.

ఈమధ్య నాకు వస్తున్న బొమ్మల్లో తోటలకన్న కొండలు ఎక్కువైనాయి. పాపికొండల లాంచీ ఎక్కి వచ్చిన ప్రతి కుటుంబమూ నాలుగు ఫొటోలు పంపి, “ఎలా ఉన్నాయో చెప్పండి” అని అడుగుతోంది. మంచిదే. మనకి అందుబాటులో నేషనల్ పార్కు అనదగింది అదొక్కటే. 2008లో ఆ హోదా వచ్చింది. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. యానాం వంతెన దాటితే మడ అడవుల కోరింగ ఇంకా దగ్గర గాని, అది 1978 నుంచి అభయారణ్యం, నేషనల్ పార్కు కాదు.

వచ్చిన ఉత్తరాల్లో నూటికి తొంభై ఒకే మొర. “కంటికి కొండ ఇంతెత్తున కనిపించిందండీ, ఫొటోలో పుట్టలాగా ఉందేమిటి?” అని. మా మేనల్లుడిదీ ఇదే గోల.

“మావయ్యా, ఈ ఫోను దండగండీ, కొండని మింగేసింది!” అన్నాడు.

“మింగలేదురా, దూరంగా జరిపింది. పక్కనున్న రెండో కన్ను వాడావా?” అన్నాను.

సెల్ ఫోనుకి మామూలుగా ఉండే కటకం వెడల్పాటిది. పెళ్ళిపందిట్లో పదిమందిని ఇరికించడానికి అది దివ్యంగా పనికొస్తుంది. కొండ దగ్గర మాత్రం నీటినీ ఆకాశాన్నీ తెగ మేసి, మధ్యలో కొండని గీతలాగా చేస్తుంది. రెండింతలో మూడింతలో దగ్గర చేసే కటకం ఉంటే దానితో తీయండి. అది లేకపోతే గట్టువారగా పోతున్న చేపల పడవ కొండమొదట్లోకి వచ్చిందాకా ఆగండి. పడవలో నించున్న మనిషి చిటికెన వేలి గోరంత పడతాడు. అప్పుడు కొండ ఎంతుందో కన్ను తనంత తానే కొలుచుకుంటుంది. మనిషి లేని కొండకి కొలత లేదు.

ఇంకొక సంగతి. లాంచీ నడుస్తుంటే పిట్టగోడకి, కమ్మీకి మోచేతులు ఆనించకండి. ఇంజను వణుకంతా కెమేరాలోకి వస్తుంది. రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, మోచేతులు పక్కటెముకలకి అదిమి, వేగం 500వ వంతు సెకండుకి తగ్గకుండా చూడండి. ఫొటో బాగా రావాలని లైఫ్ జాకెట్ విప్పేవాళ్ళను చూశాను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది ఆ లాంచీ ఎక్కేవాళ్ళెవరూ మరిచిపోకూడదు. జాకెట్ బొమ్మలో పడితే పడనివ్వండి, నారింజ రంగు పచ్చకొండ ముందు బాగానే ఉంటుంది.

ఒరిగిన బొమ్మల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇంటికి వచ్చాక బొమ్మ సరిచేస్తూ చాలామంది అవతలిగట్టు గీతని అడ్డగీతకి సమానం చేస్తున్నారు. సముద్రం దగ్గర, అంతర్వేదిలోనో ఓడలరేవులోనో, అది సరైన పనే. అక్కడ నీటిఅంచు నిజంగా సమంగానే ఉంటుంది. నదిలో అలాకాదు. మలుపు తిరిగి దూరమయ్యే గట్టు బొమ్మలో వాలుగా పడటమే న్యాయం. దాన్ని బలవంతాన సమం చేస్తే కొండలు, చెట్లు, లాంచీ, అన్నీ తాగినట్టు ఒరుగుతాయి. మరి దేన్ని నమ్మాలి? నీడని నమ్మండి. నిలకడ నీటిలో చెట్టుకొన, దాని ప్రతిబింబం కొన ఒకదాని కిందే ఒకటి, నిట్టనిలువుగా ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే గీత నిలువైతే బొమ్మ నిలువైనట్టే. వడ్రంగి తూకపు గుండు పని ఇక్కడ గోదారే చేసిపెడుతుంది.

వెలుగు మాటకొస్తే, పొద్దున్న ఎగువకి పోయేటప్పుడు పడమటి గట్టు కొండలమీద ఎండ పడుతుంది, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు తూర్పు గట్టుమీద. నడిమధ్యాహ్నం భోజనం చేయండి. జూలై, ఆగస్టుల్లో వరదనీరు ఇటికపొడి కలిపినట్టు ఎర్రగా ఉంటుంది. చలికాలానికి తేరి ఆకుపచ్చ తిరుగుతుంది. “గోదావరి నీలంగా రాలేదు” అని ఎర్రనీటికి నీలం పూసి పంపినవారొకరున్నారు. ఆ ఎరుపే ఆ నెల సంతకం, దాన్ని చెరిపేస్తే ఎలాగండీ?

పొగమంచునీ అంతే కసిగా తుడిచేస్తున్నారు. ఫోనులో మసక తీసే మీట ఒకటుంది. దాన్ని చివరిదాకా నెడితే దూరపుకొండ కూడా దగ్గరకొండంత నల్లగా తేలుతుంది. ముందుకొండ ముదురు, దాని వెనకది లేత, ఆ వెనకది ఇంకా లేత. ఇలా పలచబడబట్టే గదా లోతు తెలిసేది! మసకంతా తీసేస్తే నాలుగు కొండలూ నాటకాల తెరమీది అట్టముక్కలైపోతాయి. మీటని పావువంతు జరిపి చెయ్యి తీసెయ్యండి.

రాజమండ్రి వెళ్ళేవాళ్ళు గోదావరి గట్టునున్న దామెర్ల రామారావు చిత్రశాలలో ఒక గంట గడిపితే, వెయ్యి రూపాయల పుస్తకం చెప్పని సంగతులు తెలుస్తాయి. 1925లో 28వ ఏటనే మశూచికంతో పోయాడు మహానుభావుడు. చిత్రకారుడికి ఉన్న వీలు మనకు లేదు గదా అంటారు. అడ్డొచ్చిన చెట్టుని ఆయన వెయ్యకుండా వదిలేయగలడు. మనం మాత్రం రెండడుగులు పక్కకి జరగాలి. జరగడానికి బద్ధకించి, తరవాత వేలితో చెట్టుని తుడిచేవాళ్ళ కాలం వచ్చింది.

తుడవొచ్చా, తుడవకూడదా? ఈ తగువు కొత్తది కాదు. అమెరికాలో కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఆయన 1861లో 18 అంగుళాలు 22 అంగుళాల గాజుపలకలు కంచరగాడిదల మీద వేసుకుని యోసెమిటీ లోయకి పోయి ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలు రాజధానిదాకా చేరాయి. 1864లో లింకన్ ఆ లోయని కాపాడే చట్టం మీద సంతకం పెట్టాడు. 1871లో విలియం హెన్రీ జాక్సన్ ఎల్లోస్టోన్‌లో తీసిన బొమ్మలు చూశాక, మరుసటి ఏడే అది మొట్టమొదటి నేషనల్ పార్కు అయింది. అంత దూరంలో కూర్చున్నవాళ్ళు ఆ బొమ్మ నిజమని నమ్మారు గనక కలిసొచ్చింది. అప్పటి పలకలకి నీలాకాశం తెల్లకాగితంలా పడేది. కొందరు వేరే నెగెటివునుంచి మబ్బులు తెచ్చి అతికేవారు కూడా. వాట్కిన్స్ బొమ్మల్లో చాలావాటికి ఆకాశం బోడిగానే ఉంటుంది, అయినా కొండ బరువు ఏమీ తగ్గలేదు.

ఆన్సెల్ ఆడమ్స్ పేరు చాలామంది వినే ఉంటారు. 1927లో యోసెమిటీలో ఎర్రగాజు అడ్డుపెట్టి ఆకాశాన్ని నల్లబరిచి హాఫ్ డోమ్ కొండని తీశాడు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ ఊరిమీద చంద్రోదయం తీసి, ఆ ఒక్క నెగెటివునే దశాబ్దాల తరబడి మళ్ళీ మళ్ళీ అచ్చువేస్తూ ఆకాశాన్ని అంతకంతకూ నల్లగా చేస్తూ పోయాడు. నెగెటివు స్వరలిపి, అచ్చు కచేరీ అని ఆయన వాదం. మన భాషలో చెప్పుకుంటే, కీర్తన ఒకటే, పాడేవారి మనోధర్మం వేరు. కాని చంద్రుడు మటుకు ఆనాటి చంద్రుడే, శ్మశానంలో ఎండకి మెరిసిన శిలువలు ఆ ఊరివే. చీకటి వెలుగులు పెంచుకో, తగ్గించుకో. లేనిదాన్ని తేకు, ఉన్నదాన్ని తీసెయ్యకు. నేను గీసుకున్న గీతా ఇదే. కాలవగట్టున ప్లాస్టిక్ సంచీ అడ్డొస్తే ఏం చేయాలని మేనల్లుడు నిలదీశాడు. ఫొటో తీయకముందే వంగి చేత్తో తీసెయ్యమన్నాను.

కొబ్బరితోటల గురించి కూడా రెండు ముక్కలు. తలెత్తి తీస్తే చెట్లన్నీ లోపలికి వాలతాయి. వెనక్కి జరిగి కెమేరా సమంగా పట్టండి. లేదా తరవాత సరిచేసుకునేందుకు నాలుగుపక్కలా జాగా వదలండి, సరిచేస్తే అంచులు కోసుకుపోతాయి మరి. కొబ్బరాకు నున్నన, ఆకాశపు తెలుపు దానిమీద మెరిసి పచ్చదనం పాలిపోతుంది. పోలరైజరు గాజు బిగించి తిప్పితే ఆ మెరుపు చచ్చి అసలురంగు బయటపడుతుంది. రంగు పెంచే మీటతో వచ్చే పచ్చ అది కాదు, పిప్పరమెంటు పచ్చ. సార్వా పంట పండిన కార్తీకంలో చేను బంగారం, దాళ్వా ఊడ్చిన మాఘంలో లేతపచ్చ. ఫోనుకి రెండూ ఒకటే, కోనసీమవాడికి కాదు.

ఇహ నాకు గుండెలో ముల్లులా ఉన్న సంగతి. పూర్వం అమలాపురంలో ఫొటో దిగాలంటే స్టూడియోకే వెళ్ళేవాళ్ళం. వెనకాల గుడ్డమీద కొలను, హంసలు, తెల్లమెట్లు, ఏదో దొరలదేశపు తోట. స్టూడియో తలుపు తీస్తే బయట నిజమైన కాలవ పారుతున్నా సరే, గుడ్డమీది కొలనే గొప్ప! మా పిన్నిగారి కుటుంబం మూడు తరాలవాళ్ళు ఆ గుడ్డముందే దిగారు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి వాళ్ళ తోటలో చెట్లు మొదలంటా పడ్డాయి. బాబాయిగారు నాటినవి, ఆయన తండ్రి నాటినవి. కొన్నేళ్ళకి మనవలు “మన తోట ఎలా ఉండేది నానమ్మా?” అని అడిగితే ఆవిడ పెట్టెలన్నీ వెతికింది. దొరికిన ప్రతి ఫొటోలోనూ హంసలే ఉన్నాయి.

అందుకే, పాశర్లపూడి వైపు పచ్చనిపొలం వెనక గ్యాసుమంట పడిందని దాన్ని తుడిచేసినవారిని మళ్ళీ ఆలోచించమంటున్నాను. ఆ పక్కనే 1995 జనవరి 8న అంటుకున్న బావి 65 రోజులు మండింది. ఆ వెలుగులో అర్ధరాత్రి చీమ కనిపించేదని చూసినవాళ్ళు చెప్పుకుంటారు. ఈ నేలకథలో ఆ మంట కూడా ఒక పాత్ర.

మలికిపురం దగ్గరనుంచి ఒక సోదరి పాపికొండల బొమ్మ పంపారు. కొండ, నది చక్కగా కుదిరాయి. ఆకాశంలో మాత్రం సాయంత్రపు మబ్బులు కుడిపక్కనుంచి వెలుగుతున్నాయి, నీడలేమో ఎడమ ఎండకి పడ్డాయి. మబ్బులు యంత్రం ఇచ్చినవి. గట్టుమీద కూడా ఏదో తుడిచిన గుర్తుంది. అసలుది పంపమని రాస్తే పంపారు. చూద్దునుగదా, గట్టున నాలుగు తాటాకు పాకలు, దండెంమీద ఆరేసిన చీర, లాంచీని చూస్తూ నించున్న ఒక పిల్ల!

అమ్మా, మీరు తుడిచింది బొమ్మకి ప్రాణం. పోలవరం జలాశయం పూర్తిమట్టం 45.72 మీటర్లు. నీరు అక్కడికి నిలిచిననాడు ఆ గట్టున ఎన్నో గూడేలు, ఇసుకతిన్నెలు మునిగిపోతాయి. కొండ ఉంటుంది గాని నీళ్ళలో పీకదాకా ఉంటుంది. ఆ పిల్ల పెద్దదై తన ఊరు ఎలా ఉండేదో వెతుక్కుంటే మీ ఫొటోయే దొరకవచ్చు. అసలుదాన్నే ఉంచండి. ఆకాశం తెల్లగా ఉందని బెంగ వద్దు. పైన మూడోవంతు కోసెయ్యండి. నీడల్ని కాస్త ఎత్తితే పిల్ల మొహం తేరుకుంటుంది. ఫోనులో దాచడమే కాకుండా ఒకటి కాగితంమీద అచ్చువేయించండి. వెనకాల ఊరిపేరు, తేదీ మెత్తని పెన్సిలుతో రాయండి. బాల్ పెన్నుతో రాస్తే గీతలు ముందుకి పొడుచుకొస్తాయి.