జీవలోకం: గడ్డంతో వెతుక్కునే రాతి గులివింద

గత సంచికలో ఉజని జలాశయానికి వలస వచ్చే రాజహంసల గురించి చెప్పుకున్నాం. ఈసారి ఇంకాస్త దూరం, సముద్రం దాకా వెళదాం. సోలాపూర్‌లో సముద్రమెక్కడిది అంటారేమో! నిజమే. మన తాతముత్తాతలు బయలుదేరి వచ్చిన కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు కూడా సముద్రం లేదు. చెరువు చేపే మన చేప. అయినా ఈ సముద్రపు చేప సంగతి మనం తెలుసుకోవలసిందే. ఎందుకంటే 1803లో లండన్‌లో అచ్చయిన ఒక శాస్త్రగ్రంథంలో ఇంగ్లీషు అక్షరాల మధ్య దీని పేరు తెలుగులోనే ఉంది: రాతి గులివింద.

ముందు చేపను చూద్దాం. జెల్ల చేపకు మీసాలుంటాయని కూర వండే అమ్మలందరికీ తెలుసు. గులివిందకు మీసం కాదు, గడ్డం ఉంటుంది. కింది దవడ దగ్గర రెండు పొడుగాటి పోగులు వేలాడుతుంటాయి. మేక గడ్డంలా కనిపిస్తాయి గనుక ఇంగ్లీషువాళ్ళు గోట్ ఫిష్ అన్నారు. ఈ గడ్డం అందానికి కాదు. మన నాలుక మీద రుచి తెలిపే మొగ్గలున్నట్లే ఆ పోగుల నిండా ఉన్నాయి. చేప వాటిని ఇసుకలోకి గుచ్చి, చకచకా ఆడిస్తూ, మట్టిలో దాగిన చిన్న రొయ్యలను, పీతలను, పురుగులను పసిగడుతుంది. కంటికి కనబడనిదాన్ని గడ్డంతో రుచి చూసి పట్టుకుంటుందన్నమాట! పని అయిపోగానే ఆ రెండు పోగులను దవడ కింది గాడిలోకి మడిచి దాచుకుంటుంది. జెల్లకు ఆ సౌకర్యం లేదు. మగచేపలు ఆడచేపల ముందు ఈ గడ్డాన్నే ఆడిస్తూ హొయలు పోతాయట!

రాతి గులివింద 45 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. వీపు మీద విడివిడిగా రెండు రెక్కలు, చీలిన తోక. నడుం పక్కన పొడవైన పసుపు మచ్చ, తోక మొదట్లో గుండ్రటి నల్లచుక్క. ఈ రెండూ చూస్తే చాలు, గుర్తు పట్టేయవచ్చు. గులివింద అన్నా గురివింద అన్నా ఒకటే, మన ఇళ్ళలో గురిగింజ అంటాం. ఎర్రని గింజకు నల్లచుక్క, చేపకూ ఒక నల్లచుక్క. పోలిక మీరే చూసుకోండి. ఇక 'రాతి' అన్న మాట దాని చిరునామా చెబుతుంది. రాళ్ళు, పగడపు దిబ్బల పక్కన, ఇసుకా బురదా పేరుకున్న లోతు తక్కువ నీళ్ళలో చిన్న గుంపులుగా తిరుగుతుంది. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా దీని కాపురం.

దీని పిల్లలు మాత్రం పుట్టీపుట్టగానే అడుగుకు పోవు. వెండిరంగుతో మెరుస్తూ కొన్నాళ్ళు పైనీళ్ళలోనే తేలుతూ గడుపుతాయి. కాస్త ఎదిగాక కిందికి దిగి, గడ్డంతో ఇసుక కెలకడం మొదలుపెడతాయి. అలా కెలికినప్పుడు లేచిన పురుగూ పుట్రా కోసం వేరే చేపలు వెంటపడతాయి. పొలం దున్నుతుంటే నాగలి వెనకాల కొంగలు నడిచినట్లు! ఒకరి కష్టం మీద పదిమందికి భోజనం.

ఇప్పుడు పేరు కథ. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరకు ఇంగ్లీషులో రస్సెల్స్ వైపర్ అని పేరు వచ్చింది ఈయన వల్లనే. విశాఖ తీరంలో దొరికే రెండువందల చేపలకు బొమ్మలు వేయించి, వర్ణనలు రాసి, జాలరులు పిలిచే పేర్లనే వాటి పక్కన పెట్టాడు. అదే ఆ 1803 నాటి గ్రంథం. అదే ఏడు జార్జ్ షా అనే శాస్త్రవేత్త ఆ బొమ్మనూ వర్ణననూ ఆధారం చేసుకుని రాతి గులివిందకు 'ఇండికస్' అని శాస్త్రనామం పెట్టాడు. నేడు దాన్ని పారుపీనియస్ ఇండికస్ అంటున్నారు. పక్క పుటలోని 'బండి గులివింద'కైతే ఏకంగా 'ముల్లస్ బండి' అని మన మాటనే పెట్టాడు. కానీ అదే చేపకు ఎర్రసముద్రం దగ్గర ఫోర్స్‌కాల్ అనే ఆయన పెట్టిన పేరు 1775లోనే అచ్చయి ఉంది. ముందు అచ్చయిన పేరే చెల్లాలన్నది శాస్త్రజ్ఞుల నియమం. అందువల్ల 'బండి' పాత పేర్ల జాబితాలోకి వెళ్ళిపోయింది.

చేపకు కష్టకాలం కూడా ఉంది. అడుగును ఊడ్చుకుపోయే ట్రాల్ వలల్లో గులివిందలు పడుతుంటాయి. ఆ వలలు చేపలతోపాటు అవి మేసే అడుగునేలను కూడా చెదరగొడతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిలిపేస్తారు. గులివిందకు ఆ రెండు నెలలే ఊపిరి.

ఈ కథలో మన పేటలకు పనికొచ్చే మాట ఒకటుంది. వల వేసేవాడి నోట ఉన్న పేరు రెండువందల ఏళ్ళు నిలిచిందంటే, ఎవరో ఒకరు అడిగి రాసుకున్నారు గనుక. మన ఇళ్ళలో పడుగు, పేక, ఆసు, నాడె అన్న మాటలు తాతల నోట ఉన్నాయి. పవర్‌లూముల పక్కన పుట్టి, బడిలో మరాఠీ చదివే పిల్లలకు వాటిలో ఎన్ని తెలుసు? పరాయి దేశపు వైద్యుడు అడగగా లేనిది, మనవలు అడిగితే పెద్దలు చెప్పరా?

పిల్లలూ, ఈ సెలవుల్లో అమ్మమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి, వాళ్ళ ఊరి చెరువులో దొరికే చేపల పేర్లు, మగ్గం భాగాల పేర్లు అడిగి కాగితం మీద రాయండి. చెప్పినవారి ఊరు పేరు కూడా రాసి మాకు పంపండి. వచ్చే సంచికల్లో ఈ శీర్షికలోనే వేసుకుందాం.