పీరియడ్ లెక్కన జీతం, జీవితకాలపు నిబద్ధత?

మహబూలాలో ఏ ఫ్లాట్ తలుపు తట్టినా ఒకటే ముచ్చట. అకామా ఎప్పటిదాకా ఉంది, కాంట్రాక్టు రెన్యువల్ అయిందా లేదా? ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, ఊళ్లో అప్పు, అన్నీ ఆ ఒక్క కాగితం మీదనే. కాబట్టి మన సర్కారు కాలేజీల గెస్ట్ లెక్చరర్ గోస మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

"సర్కారు సార్లకు నిబద్ధత లేదు, అందుకే పిల్లలు కార్పొరేట్ కాలేజీలకు పోతున్నరు" అనే మాట తరచూ వింటున్నాం. నిబద్ధత అంటే ఏంది? కెనడా పరిశోధకులు మేయర్, అలెన్ 1991లో దాన్ని మూడు రకాలుగా విడదీశారు: సంస్థ మీద ఇష్టంతో ఉండటం, బాధ్యత అనుకొని ఉండటం, పోతే నష్టపోతామని ఉండటం. ఇష్టంతో ఉన్నవాళ్ల పని మెరుగ్గా ఉంటుందని, గత్యంతరం లేక ఉన్నవాళ్ల పనిలో ఆ మెరుగు కనబడదని అధ్యయనాలు చెబుతున్నాయి. గెస్ట్ లెక్చరర్‌కు పీరియడ్ లెక్కన పైసలు. సెలవుల్లో అవీ లేవు. వచ్చే ఏడు ఉంటడో లేదో తెలియదు. మూడో రకంలోకి మనమే నెట్టి, మొదటి రకం పని కావాలంటున్నాం.

ఈ గడ్డ మీద సార్లకు నిబద్ధత కరువా? జయశంకర్ సార్ వరంగల్ సీకేఎం కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మనిషి. కోదండరాం సార్ ఉస్మానియాలో పాఠాలు చెప్పిన మనిషి. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో అధ్యాపకులు జీతం ఆలోచన పక్కనబెట్టి రోడ్డెక్కారు. తెలంగాణ తమది అనుకున్నారు కాబట్టి ఎక్కారు.

నీళ్లు, నిధులు, నియామకాలు అన్నాం. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది. 2023 ఏప్రిల్ 30న 5,544 మంది కాంట్రాక్టు ఉద్యోగులను పర్మనెంట్ చేశారు, అందులో సగానికి పైగా జూనియర్ లెక్చరర్లే. మంచి పని, ఒప్పుకుందాం. కానీ ఖాళీల్లో మళ్లీ గెస్ట్‌లతోనే నెట్టుకొస్తే ఆ గోస కొత్తవాళ్ల మెడకు చుట్టుకుంటుంది.

పర్మనెంట్ అయినంక క్లాసు ఎగ్గొట్టేవాళ్లు లేరా? ఉన్నారు. వాళ్లను గట్టిగా నిలదీయాలె. అయితే భద్రత ఇచ్చినంకనే నిలదీసే హక్కు సర్కారుకు దక్కుతుంది.

ఈసారి సెలవు మీద ఊరికి పోయినప్పుడు మనం చదివిన జూనియర్ కాలేజీకి ఒక్కసారి పోదాం. మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, గెస్ట్‌లకు పైసలు ఏ నెల దాకా వచ్చినయో ప్రిన్సిపాల్‌ను అడుగుదాం. ఆ కాగితం పట్టుకొని ఎమ్మెల్యే దగ్గరికి పోదాం. రాష్ట్రం తెచ్చుకున్నది ఇట్లా అడగటానికే కదా.

జై తెలంగాణ!