తాత పిడికిలి

మనవళ్ళను గారాబం చేసి పాడుచేసేది తాతలేనని కోడళ్ళు మొత్తుకోవడం ప్రతి ఇంట్లోనూ వున్నదే. ఈ వారం నేను చెప్పబోయే తాత ఆ కోవలోవాడు కాడు. మనవడికి ధైర్యం అలవడాలని చిన్నతనంలోనే వాణ్ణి లోయలోకి విసిరేశాడు. రాత్రిపూట అడవిలో ఒంటరిగా వదిలేశాడు. బెలూన్లకు కట్టి గాలిలోకి ఎగరేశాడు. పెద్దవాడయ్యాక ఆ కుర్రవాడికి సముద్రం మీద ఎవరన్నా జంకు లేకుండా పోయింది, ఒక్క తాత పిడికిలికి తప్ప. ఆ పిడికిలికి తాత తానే ఒక పేరు పెట్టుకున్నాడు. 'ప్రేమ పిడికిలి' అట!

ఈ తాత పేరు గార్ప్. భూమ్మీద పుట్టినవాడు కాడు లెండి, కాగితం మీద పుట్టినవాడు. ఐయిచిరో ఓడా అనే జపాను చిత్రకారుడు 1997 జూలైలో 'షోనెన్ జంప్' అనే వారపత్రికలో 'వన్ పీస్' అన్న బొమ్మల సీరియల్ మొదలుపెట్టాడు. పాతికేళ్ళు దాటినా అది సాగుతూనే వుంది. మన సీరియళ్ళు ఏడాది నడిస్తేనే 'ఇంకెన్నాళ్ళు?' అని ఉత్తరాలు రాసే పాఠకులు ఈ సంగతి కాస్త గమనించాలి. 1999 అక్టోబరు నుంచి అదే కథ టెలివిజనులో కదిలే బొమ్మలుగా వస్తున్నది. ఇటువంటి వాటిని జపానువారు 'అనిమే' అంటారు. ఇంట్లో పిల్లలుంటే మీకీ మాట కొత్త కాదు.

ఓడదొంగల కథ కదా, పెద్దలకు ఇందులో ఏముంది అంటారేమో. గార్ప్ కుటుంబం చూడండి. ఆయన నౌకాదళంలో వైస్ అడ్మిరల్, ఓడదొంగలను తరిమి తరిమి పట్టిన వీరుడని పేరు. కొడుకు డ్రాగన్ ప్రభుత్వాన్నే కూలదోయాలని తిరిగే విప్లవకారుడు. మనవడు లూఫీ ఓడదొంగలకు రాజవుతానని బయలుదేరినవాడు. ముగ్గురూ ఒక పంక్తిలో కూర్చుని భోంచేసే యోగం ఈ జన్మకు లేదు.

అడ్మిరల్ పదవి ఇస్తామని పైవాళ్ళు ఎన్నిసార్లు అన్నా గార్ప్ వద్దన్నాడు. ఆ మెట్టెక్కితే తన ఇష్టప్రకారం తిరిగే వీలుండదని ఆయన భయం. ఇది మంచి గుణమనే ముందు అనిపిస్తుంది. నాకైతే అందులో తెలివి కూడా కనిపిస్తుంది. పెద్ద కుర్చీ ఎక్కనివాడికి ఇంటివైపు ఒక కన్ను వేసి వుంచడం తేలిక.

మనవణ్ణి పట్టుకు రమ్మని ఒకసారి ఆయననే పంపారు. తలుపుండగా గోడ పగలగొట్టుకుని లోపలికి వెళ్ళాడు. అలా వెళితేనే దర్జాగా వుంటుందట. మనవణ్ణి నాలుగు మొట్టాడు. మాటల మధ్యలో కూర్చున్నచోటే గుర్రు పెట్టాడు. మీ నాన్న ఫలానా అని, అంతవరకు ఎవరికీ తెలియని రహస్యాన్ని ఊరి కబురు చెప్పినట్టు చెప్పేశాడు. చివరికి పట్టుకోకుండానే వెళ్ళిపోయాడు. పైనుంచి చీవాట్లు పడ్డాక మళ్ళీ తిరిగివచ్చి ఫిరంగి గుండ్లను చేత్తోనే విసిరాడు, ఈలోగా మనవడి ఓడ కాస్తా ఎగిరిపోయింది. ఇదంతా చూసి పిల్లలు పకపకా నవ్వుతారు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళు నిలకడగా వున్నంతసేపు అందరినీ నవ్వించగలడు.

ఇక ఏస్ సంగతి. గార్ప్ జీవితమంతా వెంటాడిన శత్రువు ఓడదొంగల రాజు రోజర్. మరణశిక్షకు ముందు రోజర్ ఆయనను పిలిపించి, పుట్టబోయే తన బిడ్డను కాపాడమని అడిగాడు. తనను చంపడానికి తిరిగినవాడిని ఎందుకు నమ్మాడంటే, అన్నిసార్లు ఎదురుపడి పోరాడినవాడు తన మనుషులంత నమ్మకస్థుడని. ఆ బిడ్డ కోసం ప్రభుత్వం తల్లులనూ పసికందులనూ వెదికించింది. తల్లి రూజ్ ఇరవై నెలలు కడుపులో దాచుకుని, కని, కన్నుమూసింది. గార్ప్ ఆ పసివాణ్ణి తీసుకుపోయి కొండదొంగల నాయకురాలు డడాన్ చేతిలో పెట్టాడు. పెంచనంటే జైల్లో తోస్తానని బెదిరించాడు. తాను మీరుతున్న చట్టాన్నే చూపించి ఆమెను ఒప్పించాడన్నమాట! కొన్నేళ్ళకు సొంత మనవడు లూఫీని కూడా అక్కడే దింపాడు. ఇద్దరూ అన్నదమ్ములయ్యారు, ఇద్దరికీ ఆయనే తాత. ఇద్దరూ నౌకాదళంలో ఉద్యోగస్థులు కావాలని ఆయన కోరిక. ఇద్దరూ ఓడదొంగలయ్యారు.

మన తాతలకూ ఇటువంటి కోరికలు తెలియనివి కావు. పుట్టినవాడు కలెక్టరవుతాడని ఊయలలోనే నిర్ణయించే తాతలు మనలో కొల్లలు. వాడు నాటకాల్లో చేరితే వాళ్ళు పడే బాధ అబద్ధం కాదు. అయితే వాళ్ళెవరికీ గార్ప్‌కు వచ్చినటువంటి రోజు రాదు.

ఏస్ పట్టుబడ్డాడు. నౌకాదళం రాజధాని మెరైన్‌ఫోర్డ్‌లో, లోకమంతా చూస్తుండగా వధ్యవేదిక ఎక్కించారు. వాడు రోజర్ కొడుకని సేనాధిపతి సెంగోకు చాటింపు వేశాడు. వాడు ఓడదొంగే, కాదనను. కాని అక్కడ అసలు నేరం తండ్రి రక్తం. ఇరవై ఏళ్ళ క్రితం ఏ శిక్షనుంచి ఆ పసివాణ్ణి గార్ప్ దాచాడో, అదే శిక్ష ఇప్పుడు అమలవుతున్నది. 76 ఏళ్ళ ఆ ముసలివాడు వేదిక మీదికి వచ్చి, వాడి పక్కన చతికిలబడి ఏడ్చాడు. నేరస్థుల మీద తనకు జాలి లేదు గాని, ఇంటివాడైతే ఎలాగని విలపించాడు. తాను చెప్పినట్టు ఎందుకు బతకలేదని వాణ్ణే అడిగాడు. ఏమన్నా చేశావా, నిన్నూ వదలనని సెంగోకు హెచ్చరిస్తే, చేసే ఉద్దేశమే వుంటే ఈపాటికే చేసివుందునన్నాడు.

జపానువారికి ఈ చిక్కు పాతదే. నలుగురిలో తీర్చవలసిన కట్టుబాటును 'గిరి' అనీ, మనసులో పుట్టే మమకారాన్ని 'నిన్‌జో' అనీ అంటారు. చికమాత్సు వంటివారు మూడు వందల ఏళ్ళ క్రితమే ఈ రెంటి మధ్య నలిగిన మనుషుల మీద తోలుబొమ్మలకు కాదు గాని, చెక్కబొమ్మలకు నాటకాలు రాశారు. మనకైతే భీష్ముడు గుర్తుకు వస్తాడు. ఆయన కూడా మనుమలకు ఎదురు నిలిచి, చివరికి తనను పడగొట్టే ఉపాయం తానే చెప్పినవాడు. కాని ఆయన చెప్పాడు. గార్ప్ అదీ చెయ్యలేదు.

అన్నను విడిపించడానికి లూఫీ వంతెన మీద పరుగెత్తుకు వచ్చినప్పుడు దారికి అడ్డంగా నిలిచినవాడు తాతే. ముందుకు పోవాలంటే నన్ను చంపి పొమ్మన్నాడు. నా వల్ల కాదని లూఫీ అరిచాడు. పిడికిలి ఎత్తాడు ముసలివాడు. ఎత్తిన పిడికిలి దిగేలోపల, చిన్నప్పుడు ఇద్దరు పిల్లలూ తన చుట్టూ ఆడుకున్న రోజులు కళ్ళకు కట్టాయి. కళ్ళు మూసుకున్నాడు. మనవడి దెబ్బ తగిలి వంతెనతో సహా కింద పడ్డాడు.

ఈ ఘట్టం చూసి, ఆహా, మమకారం గెలిచింది అని చప్పట్లు కొట్టేవారు చాలామంది. నేను కొట్టలేను. కళ్ళు మూసుకోవడం నిర్ణయించడం కాదు, నిర్ణయాన్ని పదిహేడేళ్ళ పిల్లవాడి నెత్తిన పెట్టడం. పక్కకు తప్పుకుని పొమ్మంటే తాత అయ్యేవాడు. పిడికిలి దించితే అధికారి అయ్యేవాడు. తాతను కొట్టి దారి చేసుకున్నానన్న భారం మాత్రం మనవడికి మిగిలింది. అంత చేసీ ఫలితం? ఏస్ సంకెళ్ళు వూడాయి గాని, అడ్మిరల్ అకైను కొట్టిన దెబ్బకు తమ్ముడికి అడ్డుపడి ప్రాణం వదిలాడు. అప్పుడు గార్ప్ లేచాడు. సెంగోకు ఆయనను నేలకు అదిమి పట్టాడు. గట్టిగా పట్టుకో, లేకపోతే వాణ్ణి చంపేస్తానన్నాడు గార్ప్. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి తన ధర్మాన్ని తాను నిలబెట్టుకోలేక, స్నేహితుణ్ణి పట్టుకోమని అడగడం కంటె దైన్యం నాకు కథల్లో అరుదుగా తగిలింది.

యుద్ధం ముగిశాక ఆయనను విచారించిన న్యాయస్థానం లేదు. విచారించింది డడాన్. ఊరికి తిరిగివచ్చిన గార్ప్‌ను ఆమె చేతికందినదానితో చావబాదింది. అంత దగ్గర కూర్చుని పిల్లవాణ్ణి ఎందుకు కాపాడలేదు, ఆ ఉద్యోగం వాడికంటె ఎక్కువైందా అని నిలదీసింది. అందరికంటె బాధపడుతున్నది ఆయనేనని మాకినో అనే అమ్మాయి అడ్డం వచ్చింది. కాదు, అన్న కళ్ళముందు చచ్చిపోయిన లూఫీది అసలు బాధ అని డడాన్ కసిరింది. ఇనుపగోడలు పగలగొట్టిన ఆ చేతులు ఒక్క దెబ్బనైనా ఆపలేదు. ఆమె కొండదొంగ, చదువు లేదు, నోరు మంచిది కాదు. ఆ పిల్లలకు గంజి పోసింది మాత్రం ఆమే. తీర్పు చెప్పే హక్కు ఇంకెవరికుంది?

ఆ తర్వాత గార్ప్ ముందువరుస నుంచి తప్పుకుని కుర్రవాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి మిగిలాడు. ఆ శిష్యులలో కోబీ ఒకడు. ఒకప్పుడు లూఫీ చలవవల్ల బయటపడ్డ పిరికిపిల్లవాడు, తర్వాత మంచి అధికారి అయ్యాడు. వాణ్ణి ఓడదొంగలు తమ ద్వీపానికి ఎత్తుకుపోయారు. 2023లో వెలువడిన ప్రకరణాలలో ముసలివాడు వాడి కోసం బయలుదేరాడు. ఈసారి ఎవరి పక్కనా కూర్చుని ఏడవలేదు, ఎవరినీ పట్టుకోమని అడగలేదు. వాణ్ణి విడిపించి, మిగిలిన కుర్రవాళ్ళతో పాటు ఓడలో సాగనంపి, తాను ఆ ఒడ్డునే వెనక వుండిపోయాడు.