పథ్యానికి మొదట పావు వంతు చాలును

“అన్నీ తెలుసునండీ, ఆచరణలోనే పెట్టలేకపోతున్నాము.” వైద్యుని ఎదుట కూర్చున్న గృహస్థులలో చాలామంది నోట వెలువడే మాట ఇది. తెల్లవారుజామున లేవడం మంచిదని, నడక అవసరమని, ఉప్పు తగ్గించాలని, రాత్రి పెందలకడ భుజించాలని ఎరుగని ఇల్లు నేడు లేదు. ఉగాదికో, పుట్టినరోజుకో సంకల్పం చెప్పుకొని, కొత్త బూట్లు కొని, పది దినాలు నడిచి, పదకొండవనాడు ముసురు పట్టిందని మాని, మరల ఆ ఊసెత్తనివారే అధికులు. పిదప “నాకు మనోనిబ్బరం లేదు” అని తమను తామే నిందించుకొంటారు. ఈ నింద అన్యాయమని నా అభిప్రాయం. లోపం మనిషిలో కంటె అతడు అవలంబించిన పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది.

మన ఆచార్యులు ఈ చిక్కును ఎరుగనివారు కారు. అలవాటైన అహితాన్ని ఎట్లు విడవాలి, హితాన్ని ఎట్లు చేపట్టాలి అన్న ప్రశ్నకు చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో స్పష్టమైన సమాధానమున్నది. దానికి పాదాంశిక క్రమమని పేరు. పాదమనగా నాల్గవ వంతు. చెడు అలవాటులో నాల్గవ వంతు తీసివేసి, ఆ స్థానంలో మంచిని అంతే చేర్చవలెను. అది నిలదొక్కుకొన్న పిదప సగం, ఆ పిదప ముప్పాతిక, చివరకు పూర్ణం. మెట్టుకూ మెట్టుకూ నడుమ దినాల ఎడం పెంచుతూ పోవలెను. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో ఇదే పద్ధతిని చెప్పి, అకస్మాత్తుగా విడిచినా, అకస్మాత్తుగా చేపట్టినా రోగాలు పుట్టవచ్చునని హెచ్చరించారు. క్రమంగా తొలగిన దోషం మరల తలయెత్తదనీ, క్రమంగా అలవడిన గుణం చలించదనీ చరకుని ఆశయం.

ఇందలి యుక్తి సులభమైనదే. దీర్ఘకాలం సేవించినది చెడ్డదే అయినా దేహానికి సాత్మ్యమవుతుంది. దీనిని ఓకసాత్మ్యమంటారు. రాత్రి పది గంటలకు భుజించడానికి అలవాటుపడిన జఠరాగ్ని, మనం కోరినంత మాత్రాన ఏడు గంటలకు ఆకలి పుట్టించదు. ఏడింటికి లేచే దేహాన్ని ఒక్కసారిగా ఐదింటికి లేపితే మధ్యాహ్నానికి తల బరువెక్కుతుంది. నాల్గవనాటికి విసుగు పుడుతుంది. దేహం చెప్పుకొనే ఆ మొరకు మనం సోమరితనమని పేరు పెడుతున్నాము.

భయం వలన పుట్టిన ఉత్సాహం కూడా నిలువదు. 2020లో కరోనా ప్రబలినపుడు కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ గోరువెచ్చని నీరు, పసుపు పాలు, తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి చేర్చిన కషాయం, నిత్యం అరగంట యోగాభ్యాసం మొదలైనవి సూచించినది. ఇంటింటా కషాయం కాగినది. కొందరు నడివేసవిలో పూటకు రెండుసార్లు త్రాగి కడుపులో మంట తెచ్చుకొన్నారు. భయం తీరిన వెంటనే కషాయం గిన్నెతో పాటు యోగాభ్యాసపు చాప కూడా అటకెక్కినది. అందులో అరగంట అభ్యాసమైనా నిలిచి ఉంటే ఎంత మేలు జరిగేదో!

పాదాంశిక క్రమాన్ని మన ఇండ్లలో అమలు పరచడమెట్లు? ఒక్కొక్క పాదానికి ఒక్కొక్క వారం కేటాయించుకొనుట నేటి గృహస్థులకు అనుకూలమని నా సలహా. ఏడింటికి లేచేవారు ఐదింటికి లేవదలచినచో తొలి వారం ఆరున్నర, రెండవ వారం ఆరు, మూడవ వారం ఐదున్నర. రాత్రి పడకవేళ కూడా అదే లెక్కన వెనుకకు జరగాలి. లేనిచో అది నిద్రను దొంగిలించడమే అవుతుంది. నలభై నిమిషాల నడక కోరేవారు పది నిమిషాలతో ఆరంభించవలెను. కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసుకొనేవారు వారానికి అర చెంచా తగ్గించినచో నెలనాటికి నాలుకకు తెలియకుండానే చక్కెర పోతుంది.

ఉప్పు సంగతి చూడండి. పెద్దవారు దినానికి 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. నలుగురు పెద్దవారున్న ఇంటికి ఈ లెక్కన కిలో ఉప్పు యాభై దినాలు రావలెను. ఊరగాయ, అప్పడం, వడియాలలోని ఉప్పు దీనికి అదనం కాదు, ఇందులోనిదే. ప్యాకెట్టు విప్పిన తేదీని దానిపైనే వ్రాసి ఉంచండి. ముప్పై దినాలకే అయిపోయినచో తదుపరి ప్యాకెట్టు ముప్పై అయిదు దినాలు, ఆ పైది నలభై దినాలు వచ్చునట్లు చూడండి. నాలుగు ప్యాకెట్లలో యాభైకి చేరవచ్చును.

వ్యాయామానికి ఆచార్యులు చెప్పిన హద్దు అర్ధశక్తి. నుదుట, చంకలలో చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి వచ్చినపుడు ఆనాటికి చాలునని గ్రహించవలెను. హేమంత, శిశిర, వసంతాలలో ఈ పరిమితి. మిగిలిన ఋతువులలో ఇంతకంటె తక్కువ. వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినది. దినానికి అరగంట చొప్పున ఐదు దినాల నడకతో అది సమకూరుతుంది. తొలినాడే గంటసేపు పరుగెత్తి మోకాళ్ళు పట్టుకొని కూర్చొనేవారు రెంటినీ అతిక్రమించినవారే.

ఇక జ్ఞాపకం సంగతి. ధీ, ధృతి, స్మృతి భ్రంశమైనపుడు జరిగే తప్పును చరకుడు ప్రజ్ఞాపరాధమన్నాడు. మనమంతా ధృతిని గురించి, అనగా నిగ్రహాన్ని గురించి మాత్రమే చింతిస్తాము; స్మృతిని మరచిపోతాము. కొత్త అలవాటును పాత అలవాటుకు ముడివేయడమే స్మృతికి ఊత. రాత్రి పాదాలకు నువ్వులనూనె మర్దించుకోదలచినవారు ఆ గిన్నెను మంచం ప్రక్కనే ఉంచుకోవలెను. మర్దన పిదప అరికాళ్ళు తుడుచుకొని మరీ నేలపై అడుగు పెట్టవలెను. నిత్యం అభ్యంగనం చేసుకోవలెననీ, శిరస్సు, చెవులు, పాదాలకు విశేషంగా చేసుకోవలెననీ వాగ్భటుని ఉపదేశం. వారానికొక తలంటు మన ఇండ్లలో ఇంకా ఉన్నది గనుక పాదాభ్యంగనాన్ని దానికి తోడుగా ఆరంభించవచ్చును.

ఒక మాట నిష్ఠురంగా ఉన్నా చెప్పక తప్పదు. మన ఇండ్లలో పథ్యమంతా ఇల్లాలి నెత్తిన పడుతున్నది. మామగారికి చక్కెర లేనిది, భర్తకు ఉప్పు తగ్గించినది, పిల్లలకు వేరొకటి వండి, అందరి తరువాత ఆమె మిగిలినది తింటుంది. ఆమెకు నడకకు వేళ లేదు. తన మోకాళ్ళకు తానే నూనె రాసుకొనే తీరిక లేదు. ఒకరి ఆరోగ్యాన్ని మరొకరి అలసటతో కొనే ఇంట ఏ అలవాటూ కలకాలం నిలువదు. పథ్యం ఇంటిల్లిపాదికీ ఒకటే కావలెను. రాత్రి ఎవరి కంచం వారు కడుగుకొన్నా ఆమెకు పావుగంట నడక దక్కుతుంది.

మా వైద్యులలో కూడా ఒక దోషమున్నది. రోగి చేతిలో ముప్పై నిషేధాల పట్టిక పెట్టి పంపడం మాకు పరిపాటి. పదిహేను దినాల పిదప అతడు తప్పు చేసినవానివలె తలవంచుకొని వస్తాడు, లేదా రానే రాడు. ఒక్క విధి, ఒక్క నిషేధం చెప్పి, అవి కుదిరిన పిదప తక్కినవి చెప్పుట ఉభయులకూ మేలు.

ఇచట హెచ్చరిక అవసరం. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ తీసికొనేవారు ఆహారం తగ్గించి నడక పెంచినచో రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చును. ముందుగా తమ వైద్యునికి తెలుపవలెను. మందులను పాదాంశిక క్రమంలో తగ్గించుకొనే అధికారం రోగికి లేదు. ఏళ్ళ తరబడి అతిగా మద్యపానం చేసినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ కలుగవచ్చును గనుక వారు వైద్యుని పర్యవేక్షణలోనే మానవలెను. నడకలో గుండెలో నొప్పి, బరువు తోచినచో వెంటనే ఆగి చికిత్స పొందవలెను.

ఇది చదివినవారు ఈ వారానికి ఒక్క అలవాటునే ఎంచుకొని, దానిలో నాల్గవ వంతు మాత్రమే చేపట్టండి. ఒకనాడు తప్పినచో మరునాడు అదే పాదం నుండి కొనసాగించండి. మొదటికి వెళ్ళవలసిన పని లేదు. నాల్గు వారాల పిదప అది మీ ఇంట నిలిచినదని తోచినపుడు రెండవదానికి పూనుకొనండి.